కాంట్రాక్ట్ నుంచి పర్మనెంట్‌కు: ఎప్పుడు అడగాలి, ఎవరిని అడగాలి, ఏం చూసుకుని సంతకం పెట్టాలి

ఆ రోజు ఉదయం నా ఐడీ కార్డు గేటు దగ్గర పనిచేయలేదు. మూడుసార్లు ఆనించాను, మూడుసార్లూ ఎర్ర లైటే. ముందు రోజు రాత్రి తొమ్మిదింటి దాకా అదే ఆఫీసులో కూర్చుని పని పూర్తి చేసి వెళ్లాను. కాంట్రాక్ట్ గడువు అర్ధరాత్రితో ముగిసింది. పొడిగింపు మెయిల్ ఎవరి దగ్గరో ఆగిపోయింది. మధ్యాహ్నం దాకా రిసెప్షన్‌లో సోఫా మీద కూర్చున్నాను. పక్కనుంచి లోపలికి వెళ్తున్న టీమ్ వాళ్లు "ఏంటి ఇక్కడ కూర్చున్నావ్?" అని అడుగుతుంటే ఏం చెప్పాలో తోచలేదు.

అప్పటికి రెండేళ్లుగా నేను చేస్తున్న తప్పు ఒకటే. బాగా పనిచేస్తే వాళ్లే పర్మనెంట్ చేస్తారని ఎదురుచూస్తూ కూర్చున్నాను. మంచి పని కచ్చితంగా కావాలి. కానీ సంస్థలో ఒక పోస్టు మంజూరు కావాలి, దానికి డబ్బు కేటాయించాలి, ఆ కుర్చీలో మిమ్మల్నే కూర్చోబెట్టాలని ఒక మనిషి గట్టిగా అడగాలి. ఈ మూడూ వాటంతట అవి జరగవు. వాటిని ఒక్కొక్కటిగా ఎలా కదిలించాలో, నేను ఆలస్యంగా నేర్చుకున్న వరసలోనే చెప్తాను.

1. ముందు మీ కాంట్రాక్ట్ కాగితం తీయండి

చాలామంది సంతకం పెట్టిన రోజు తర్వాత ఆ కాగితం మళ్లీ చూడరు. అందులో మొదట వెతకాల్సింది, అసలు మీ యజమాని ఎవరు అన్నది. మీరు రోజూ వెళ్లే సంస్థే నేరుగా గడువు పెట్టి మిమ్మల్ని తీసుకుని ఉండొచ్చు. లేదా జీతం ఏజెన్సీ ఇస్తూ, పని మాత్రం క్లయింట్ (మీతో పని చేయించుకునే సంస్థ) దగ్గర చేస్తూ ఉండొచ్చు. లేదా మీరే బిల్లు రాసి డబ్బు తీసుకునే ఫ్రీలాన్సర్ అయి ఉండొచ్చు. దారులు మూడూ వేరు. మొదటి రకానికి ఇది అదే ఇంట్లో గది మారడం లాంటిది. రెండో రకానికి ఉద్యోగమే మారుతుంది. మూడో రకంలో పన్ను లెక్కల దగ్గర్నుంచి అన్నీ మారతాయి.

ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లు ఇంకో క్లాజు జాగ్రత్తగా చూడాలి. క్లయింట్ మిమ్మల్ని నేరుగా తీసుకోవాలంటే ఏజెన్సీకి ఫీజు కట్టాలనో, ఇన్ని నెలలు ఆగాలనో సాధారణంగా ఒక షరతు ఉంటుంది. చాలా ఒప్పందాల్లో ఈ ఫీజు మీరు పనిచేసిన నెలలు పెరిగేకొద్దీ తగ్గుతూ, ఒక దశలో పూర్తిగా పోతుంది. ఆ తేదీ ఎప్పుడో తెలిస్తే అడగడానికి సరైన నెల ఏదో సగం తెలిసినట్టే. ఏజెన్సీకీ క్లయింట్‌కీ మధ్య ఉన్న ఒప్పందం మీకు చూపించకపోవచ్చు. కానీ "నన్ను నేరుగా తీసుకుంటే ఫీజు ఎప్పటిదాకా వర్తిస్తుంది?" అని ఏజెన్సీ వాళ్లని అడగడంలో తప్పేమీ లేదు. యూరోపియన్ యూనియన్‌లో 2008 నాటి ఏజెన్సీ కార్మికుల ఆదేశం ప్రకారం క్లయింట్ దగ్గర ఉద్యోగంలో చేరకుండా అడ్డుకునే షరతులు చెల్లవు, పైగా ఆ ఫీజు కార్మికుడి దగ్గర వసూలు చేయకూడదు. ఎక్కడున్నా సరే, పర్మనెంట్ చేయిస్తాం డబ్బు కట్టమని మిమ్మల్నే ఎవరైనా అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

2. మీరున్న చోట చట్టం ఎంతవరకు తోడొస్తుందో తెలుసుకోండి

దేశానికీ దేశానికీ ఇక్కడ చాలా తేడా ఉంది. బ్రిటన్‌లో ఒకే యజమాని దగ్గర వరుస గడువు కాంట్రాక్టుల మీద 4 ఏళ్లు దాటితే, సరైన కారణం చూపించలేకపోతే ఆ ఉద్యోగిని పర్మనెంట్‌గానే పరిగణించాలి. 2002 నాటి నిబంధన ఇది. జపాన్‌లో 2013 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన మార్పుతో, వరుస కాంట్రాక్టులు 5 ఏళ్లు దాటినవాళ్లకి గడువు లేని ఉద్యోగంలోకి మారే హక్కు వచ్చింది. అయితే ఉద్యోగి స్వయంగా అడిగితేనే అది వర్తిస్తుంది. ఊరుకుంటే ఏమీ జరగదు. దక్షిణ కొరియాలో గడువు కాంట్రాక్టులకి సాధారణ పరిమితి 2 ఏళ్లు. జర్మనీలో ప్రత్యేక కారణం లేకుండా పెట్టే గడువు కాంట్రాక్ట్ కూడా 2 ఏళ్లకి మించకూడదు.

భారతదేశంలో సాధారణంగా ఇన్నేళ్లు చేస్తే పర్మనెంట్ అని తనంతట తానే వచ్చే హక్కు లేదు. కాంట్రాక్టర్ ద్వారా వచ్చిన కార్మికులు వాళ్లంతట వాళ్లే ప్రధాన సంస్థ ఉద్యోగులు అయిపోరని సుప్రీంకోర్టు 2001లో చెప్పింది. ప్రభుత్వ పోస్టుల్లో సరైన ఎంపిక ప్రక్రియ లేకుండా వచ్చినవాళ్లు క్రమబద్ధీకరణను హక్కుగా కోరలేరని 2006లో ఉమాదేవి కేసులో తేల్చింది. 2024 డిసెంబర్‌లో మాత్రం, నిరంతరం సాగే పనిని దశాబ్దాల పాటు తాత్కాలిక పేరుతో చేయించుకుని, చివరికి ఆ తీర్పునే అడ్డు చూపించడం సరికాదని అదే కోర్టు మరో కేసులో స్పష్టం చేసింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల (కొత్త కార్మిక చట్టాల) ప్రకారం గడువు కాంట్రాక్ట్ మీద నేరుగా తీసుకున్న ఉద్యోగికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం) వర్తిస్తుంది. ప్రభుత్వ విభాగాల్లో ఉన్నవాళ్ల దారి నోటిఫికేషన్లు, జీవోలు, కోర్టు తీర్పులతో ముడిపడి ఉంటుంది. మేనేజర్‌తో మాట్లాడితే తెమిలే విషయం కాదది. ఇక్కడ నేను చెప్పేది ఎక్కువగా ప్రైవేటు సంస్థల గురించి.

ఒక హెచ్చరిక. చట్టంలో గడువు ఉన్న చోట, ఆ గడువుకి కాస్త ముందే కాంట్రాక్ట్ ఆపేసే సంస్థలూ ఉంటాయి. కాబట్టి పరిమితికి వారం ముందు కాదు, కనీసం ఆర్నెల్ల ముందే మాట మొదలుపెట్టండి.

ఈ చట్టాల వల్లే ఇంకో సంగతి కూడా జరుగుతుంది. అది తెలియక నేను చాలా బాధపడ్డాను. టీమ్ ఫోటోలో పిలవరు, కొన్ని మీటింగులకి రానివ్వరు, మెయిల్ ఐడీలో పేరు పక్కన వేరే గుర్తు ఉంటుంది. నన్ను చిన్నచూపు చూస్తున్నారనుకునేవాణ్ని. దాని వెనక చాలాసార్లు ఉండేది న్యాయ విభాగం భయం. అమెరికాలో మైక్రోసాఫ్ట్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన తాత్కాలిక ఉద్యోగులు తమకీ ఉద్యోగుల ప్రయోజనాలు రావాలని కేసు వేస్తే, 2000లో ఆ సంస్థ 9.7 కోట్ల డాలర్లకి రాజీ కుదుర్చుకుంది. కాంట్రాక్ట్ మనిషిని సొంత ఉద్యోగిలా చూసుకుంటే రేపు అదే సాక్ష్యం అవుతుందన్న జాగ్రత్త చాలా కంపెనీల్లో ఉంది. మీ మేనేజర్ దూరం పాటిస్తున్నారంటే మీరంటే ఇష్టం లేదని అర్థం కాదు. ఇది మనసులో పెట్టుకుంటే అడగడానికి ధైర్యం వస్తుంది.

3. పోస్టు ఉందా, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే. చాలా సంస్థల్లో కాంట్రాక్ట్ మనుషుల డబ్బు ప్రాజెక్టు ఖర్చు కింద వస్తుంది. పర్మనెంట్ ఉద్యోగుల జీతం ఏటా ఆమోదించే ఉద్యోగుల సంఖ్యకి ముడిపడి ఉంటుంది. జేబులు రెండూ వేరు. మేనేజర్ దగ్గర మీకు ఇంకో రెండేళ్లు ఇవ్వడానికి కాంట్రాక్ట్ డబ్బు ఉండి కూడా, పర్మనెంట్ పోస్టు ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. "అంత డబ్బు ఇస్తున్నారు కదా, పర్మనెంట్ చేయడానికేం?" అన్న ప్రశ్నకి జవాబు అదే.

అందుకే తెలుసుకోవాల్సినవి ఇవి: వచ్చే ఏడాది బడ్జెట్ ఏ నెలలో తయారవుతుంది? పోస్టుల కోసం మేనేజర్ ఎప్పటిలోగా అడగాలి? సంతకం ఎవరిది? ఈ మధ్య ఈ విభాగంలో కాంట్రాక్ట్ నుంచి పర్మనెంట్ అయినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఈ ఆఖరి ప్రశ్నకి జవాబు ఉంటే సగం పని అయిపోయినట్టే. ఆ మనిషిని వెతికి, టీ తాగుతూ ఎలా జరిగిందో అడగండి. ఎవరు ఆపారు, ఎవరు సాయం చేశారు, ఎన్ని నెలలు పట్టింది అన్నది వాళ్లు చెప్పినంత సూటిగా ఏ పాలసీ కాగితమూ చెప్పదు.

టీమ్‌లో ఎవరైనా రాజీనామా చేస్తే ఆ వారంలోనే మాట్లాడండి. ఖాళీ అయిన పోస్టుని నింపడం, కొత్త పోస్టు పుట్టించడం కన్నా ఎప్పుడూ తేలిక. వెళ్లిపోతున్నవాళ్ల పని అప్పటికే మీరు కొంత చేస్తుంటే ఇంకా తేలిక.

4. పని పుస్తకం రాయండి

శుక్రవారం సాయంత్రం పదిహేను నిమిషాలు చాలు. ఆ వారం ఏం మారింది, మీ వల్ల ఏం మారింది అని రాసుకోండి. రాసే తీరులోనే అంతా ఉంది. నేను మొదట్లో ఇలా రాసేవాణ్ని: "నెలవారీ నివేదికలు చూసుకున్నాను." ఇది చదివితే ఎవరికీ ఏమీ తెలియదు. తర్వాత ఇలా రాయడం అలవాటు చేసుకున్నాను: "నెలాఖరు నివేదికకి మూడు రోజులు పట్టేది. ఒకే అంకెని రెండు షీట్లలో విడివిడిగా కొడుతున్నారని గమనించి ఒకే చోటికి తెచ్చాను. మార్చి నుంచి ఒక్క రోజులో అయిపోతోంది. మే నుంచి అకౌంట్స్ వాళ్లు కూడా ఇదే పద్ధతి వాడుతున్నారు." రెండోదాన్ని మేనేజర్ అలాగే ఎత్తి తన పై అధికారికి పంపగలరు. మీ కోసం వాదించే మనిషి చేతికి మీరు మాటలు అందించాలి. ఖాళీ చేతులతో ఆయన మాత్రం ఏం వాదిస్తారు?

ఇంకో పేజీలో, మీరు వెళ్లిపోతే ఏ పనులు ఆగుతాయో రాయండి. బెదిరించడానికి కాదు. మీ పని ప్రాజెక్టుతో ముగిసేదా, ఏళ్ల తరబడి సాగేదా అని తేల్చుకోవడానికి. ఏళ్ల తరబడి సాగే పని అయితే పర్మనెంట్ పోస్టుకి అదే అసలు వాదన. ప్రాజెక్టుతో ముగిసేదే అయితే, సాగే పని ఒకటి మెల్లగా మీ చేతుల్లోకి తీసుకోండి. అలాగని పనులు దాచిపెట్టుకుని, నేను లేకపోతే కుదరదు అనిపించుకోకండి. అలాంటి మనిషిని కాంట్రాక్ట్‌లోనే ఉంచేస్తారు, కదిలిస్తే ఇబ్బంది కాబట్టి.

సంస్థ ఫైళ్లు, క్లయింట్ వివరాలు ఇంటికి తెచ్చుకోవద్దు. మీ మాటల్లో, మీ నోట్‌బుక్‌లో రాసుకోవడం చాలు.

5. నోరు తెరిచి అడగండి

గడువు ముగియడానికి మూడు, నాలుగు నెలల ముందు. బడ్జెట్ తయారయ్యే నెల ఇంకా ముందుంటే దానికన్నా ముందే. కారిడార్‌లో నడుస్తూ కాదు, అరగంట టైమ్ తీసుకుని కూర్చుని.

నేను చివరికి అడిగిన మాటలు దాదాపు ఇవే: "సార్, నా కాంట్రాక్ట్ సెప్టెంబర్ ఆఖరుకి పూర్తవుతుంది. నాకు ఈ టీమ్‌లోనే పర్మనెంట్‌గా ఉండాలని ఉంది. వచ్చే ఏడాది ప్లాన్‌లో ఈ పనికి పోస్టు అడిగే ఆలోచన ఉందా? ఉంటే నా వైపు నుంచి ఏం కావాలో చెప్పండి, రాసి ఇస్తాను."

ఆయన కాసేపు ఆగి, "నీకు కాంట్రాక్టే ఇష్టమేమో అనుకున్నానయ్యా. రేటు ఎక్కువ కదా" అన్నారు. రెండేళ్లలో నేను ఒక్కసారి కూడా ఆ మాట బయటికి అనలేదు మరి. ఆయన మనసులో ఆ ఆలోచన ఎలా వస్తుంది?

జవాబులు రకరకాలుగా వస్తాయి. "పోస్టు లేదు" అంటే అది స్పష్టమైన జవాబు, మంచిదే. "ఎప్పుడు వచ్చే అవకాశం ఉంది, వేరే విభాగంలో ఉందా?" అని అడగండి. "పైన అడిగాను, ఒప్పుకోలేదు" అంటే ఏ కారణం చెప్పారో అడగండి. డబ్బా, డిగ్రీనా, మీ పని మీద సందేహమా? మూడింటికీ మందు వేరు. "చూద్దాం" అంటే మాత్రం తేదీ తీసుకోకుండా లేవకండి. "ఎప్పుడు మళ్లీ కలవమంటారు సార్, వచ్చే నెల మొదటి వారం అనుకోవచ్చా?" అంటే ఎవరూ కాదనరు.

ఆ సాయంత్రమే నాలుగు లైన్ల మెయిల్ పంపండి: మాట్లాడినందుకు థాంక్స్, అనుకున్నది ఇది, నేను పంపాల్సింది ఇది, మళ్లీ కలిసేది ఫలానా తేదీన. మేనేజర్ మారిపోతే, మాట ఇచ్చినట్టు మిగిలేది ఆ మెయిల్ ఒక్కటే.

6. ఇంటర్వ్యూకి బయటి మనిషిలా తయారవ్వండి

పోస్టు మంజూరైతే చాలా సంస్థల్లో దాన్ని ప్రకటించి అందరినీ ఇంటర్వ్యూ చేస్తారు. మనవాళ్లే కదా అని తేలిగ్గా వెళ్లి పోగొట్టుకున్నవాళ్లని చూశాను. ప్యానెల్‌లో మిమ్మల్ని ఎప్పుడూ చూడని మనిషి ఒకరు ఉంటారు. ఆయనకి మీ పని పుస్తకంలోని కథలు మొదటి నుంచీ చెప్పాలి. "మీకు తెలిసిందే కదా సార్" అన్న మాట ఇంటర్వ్యూలో అస్సలు రాకూడదు.

ఏజెన్సీకి తెలియకుండా చేయొద్దు. క్లయింట్ రాతపూర్వకంగా ఆసక్తి చూపించగానే చెప్పండి. ఒప్పందం ప్రకారం వాళ్లకి రావాల్సింది వస్తుంటే సాధారణంగా అడ్డుపడరు. దాచి పెట్టాక బయటపడితే కాగితాలు నెలల తరబడి ఆగుతాయి.

7. జీతం లెక్క, కాగితం పెన్ను పట్టుకుని

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. కాంట్రాక్ట్ రోజు రేటుని 260తో గుణించి, ఆఫర్ చూసి, "ఇంత తక్కువా!" అని వెనక్కి తగ్గుతారు. ఏ కరెన్సీ అయినా సరే, రోజుకి 100 అనుకుందాం.

ఏడాదికి 52 వారాలు, వారానికి 5 రోజులు, అంటే 260 రోజులు, 26,000. కానీ పని చేయని రోజుకి డబ్బు రాదు. సెలవులు, జబ్బు రోజులు కలిపి 30 తీసేయండి. ఒక కాంట్రాక్ట్‌కీ ఇంకోదానికీ మధ్య ఏడాదికి సగటున 4 వారాలు ఖాళీ పోతుందనుకుంటే ఇంకో 20 రోజులు. మిగిలింది 210 రోజులు, 21,000. సొంతంగా కట్టుకునే ఇన్సూరెన్స్, పదవీ విరమణకి పక్కన పెట్టేది, కంప్యూటర్, అకౌంటెంట్ ఖర్చు కలిపి 15 శాతం అనుకోండి, 3,150. చేతికి వచ్చేది 17,850. ఇప్పుడు 18,000 ఆఫర్ తక్కువగా కనిపిస్తుందా? ఈ అంకెలు ఉదాహరణకే. మీ ఖాళీ రోజులు, మీ ఖర్చులు వేసి చూసుకోండి. ఏజెన్సీ ఇప్పటికే ఇన్సూరెన్స్, భవిష్య నిధి (పీఎఫ్) కడుతుంటే వాటిని మళ్లీ తీసేయకండి.

అవతల వైపు కూడా అంతే జాగ్రత్త కావాలి. ఆఫర్‌లోని 18,000లో సంస్థ కట్టే నిధి వాటా, ఇన్సూరెన్స్ ప్రీమియం, వస్తుందో రాదో తెలియని బోనస్ కలిపి చూపించారా? అయితే అవి తీసేసి, స్థిరంగా చేతికి వచ్చేదాన్ని 17,850తో పోల్చాలి. ఒకవైపు అన్నీ తీసేసి, ఇంకోవైపు అన్నీ కలిపి చూస్తే లెక్క మీకే ఎదురు తిరుగుతుంది.

బేరం ఆడండి. మీకు ఉన్న బలం ఏంటంటే, మీకు పని నేర్పించక్కర్లేదు, మొదటి రోజు నుంచే పూర్తి పని చేస్తారు. జీతం కదలకపోతే హోదా, సెలవులు, జీతం సమీక్ష తేదీ అడగండి. హోదా గురించి ప్రత్యేకంగా చెప్తున్నాను. కాంట్రాక్ట్‌లో సీనియర్ పని చేస్తూ, పర్మనెంట్ అయ్యేటప్పుడు కింది గ్రేడ్‌లో చేరితే, తర్వాతి పెంపులన్నీ ఆ కింది మెట్టు నుంచే లెక్క వేస్తారు.

8. సంతకానికి ముందు

ఆఫర్ లెటర్ చేతికి వచ్చేదాకా, అంటే నోటి మాట కాదు, మెయిల్‌లో మాట కాదు, లెటర్ వచ్చేదాకా ఉన్న కాంట్రాక్ట్‌కి రాజీనామా ఇవ్వకండి. లెటర్‌లో మూడు విషయాలు వేలు పెట్టి చదవండి. పాత కాంట్రాక్ట్ కాలాన్ని సర్వీసులో కలుపుతారా లేదా? కొత్తగా ప్రొబేషన్ ఉందా, ఉంటే ఎన్ని నెలలు? నోటీస్ పీరియడ్ ఎంత? ఏళ్ల తరబడి అదే కుర్చీలో పనిచేసిన మనిషికి ఆర్నెల్ల ప్రొబేషన్ పెట్టారంటే, తగ్గించమని అడగడం న్యాయమే. నేను అడిగితే మూడు నెలలకి తగ్గించారు.

9. ఏడాదయినా "చూద్దాం" దగ్గరే ఉంటే

ఒక తేదీ మీరే పెట్టుకోండి, రెండో బడ్జెట్ కూడా పోస్టు లేకుండా దాటితే చాలు అని. నా అభిప్రాయంలో రెండు సార్లు పోస్టు రాలేదంటే ఆ సంస్థకి మీ పని కావాలి కానీ మీరు అక్కర్లేదు. చేదుగా ఉన్నా అది ముందే తెలియడం మంచిది. నేను ఆ తేదీ పెట్టుకోని కారణంగా ఒక ఏడాది పోయింది.

బయట వెతికేటప్పుడు రెజ్యూమేలో చిన్న చిన్న కాంట్రాక్టులు ఒక్కొక్కటి విడిగా రాస్తే, నిలకడ లేని మనిషిలా కనిపిస్తారు. ఒకే ఏజెన్సీ ద్వారా చేసినవన్నీ ఒకే శీర్షిక కింద పెట్టి, లోపల క్లయింట్ పనులు రాయండి. ప్రతిదాని పక్కన "కాంట్రాక్ట్, గడువు ప్రకారం పూర్తయింది" అని స్పష్టంగా రాయండి. కాంట్రాక్ట్ అన్న మాట దాచకండి, ఉద్యోగంలోకి తీసుకునే ముందు సంస్థ చేసే తనిఖీలో ఎలాగూ తెలుస్తుంది. పొడిగింపులు ఉంటే తప్పకుండా రాయండి. "6 నెలలకి తీసుకుని మూడుసార్లు పొడిగించారు" అన్న ఒక్క వాక్యం ఏ ప్రశంసా పత్రం కన్నా ఎక్కువ చెప్తుంది.

10. చేరాక

మొదటి వారంలోనే మేనేజర్‌ని అడిగి, ప్రొబేషన్ పూర్తయ్యేసరికి ఏం చూస్తారో రాసి తీసుకోండి. మీరు పాతవాళ్లే కదా అని ఆ మాట ఎవరూ ఎత్తరు, చివర్లో కొత్త కొలతలు బయటికి వస్తాయి.

పాత వైపు కాగితాలు కూడా అదే వారంలో తెప్పించుకోండి: రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం, ఆఖరి నెల పేస్లిప్, పన్ను పత్రం, మిగిలిన సెలవుల డబ్బు, నిధి ఖాతా బదిలీ. ఏజెన్సీల్లో మనుషులు తరచూ మారిపోతుంటారు. ఆర్నెల్ల తర్వాత ఫోన్ చేస్తే మీ ఫైలు చూసిన మనిషి అక్కడ ఉండకపోవచ్చు.